పైకప్పు తాకని గోడ

గోడల గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదు. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, ట్యూషన్ సెంటర్లలో ఒక గదిని రెండు గదులుగా చేయడమే నా పని. వేలి కణుపుతో ఒకసారి తడితే చాలు, లోపల ఏముందో చెప్పేస్తాను. ఒట్టి ప్లైవుడ్డా, జిప్సం బోర్డా, మధ్యలో శబ్దం ఆగడానికి పీచు కూరారా, లేక నిజం ఇటుకేనా అన్నది ఆ చప్పుడే చెబుతుంది. నేను కట్టిన గోడకి ఇవతల డాక్టరుగారు రోగికి ఏం చెప్పినా అవతల బెంచీ మీద కూర్చున్నవాళ్ల చెవిన పడదు. చేతిలో పని పెట్టింది దేవుడు. దాన్ని తిన్నగా చేయడం మాత్రం నా వంతు అనుకుంటాను.

అందుకే థీమ్ పార్కు రిసార్టులో మా అందరికీ సరిపడే గది ఎంచే బాధ్యత నా మీద పడ్డప్పుడు నేను కొంచెం కూడా జంకలేదు.

మేము నలుగురం. నేను, నా భార్య, మా అమ్మాయి, మా అత్తయ్యగారు. అమ్మాయిని ఇంట్లో అందరం లాయరమ్మ అంటాం. పాలు తాగమంటే ఎందుకు తాగాలో ముందు రుజువు చేయమంటుంది. మామగారు పోయిన దగ్గర్నుంచి అత్తయ్యగారు మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడకి రెండు అలవాట్లు. ఒకటి, తెల్లవారుతుండగానే లేచి, స్నానం చేసి, తన గదిలో కూర్చుని గొంతెత్తి దేవుడి పాట పాడటం. రెండోది, ఎవరేం అడిగినా ముందు వద్దనడం.

పార్కు మాట ఎత్తగానే రెండో అలవాటు బయటికొచ్చింది.

"మీరు వెళ్లి రండి బాబూ. రంగులరాట్నం ఎక్కే వయసా నాది? పొద్దున్నే లేచి నిలబడితే చాలు, ఇల్లంతా తిరుగుతుంది. నాకు టికెట్టు కూడా అక్కర్లేదు."

"అమ్మమ్మ రాకపోతే నేనూ రాను," అంది లాయరమ్మ.

"అమ్మని ఒక్కదాన్నీ ఇంట్లో వదిలేసి నేను అక్కడ నీళ్లల్లో కేరింతలు కొడతానా?" అంది నా భార్య. అంటే ఆవిడ రాకపోతే ఎవరం వెళ్లమన్నమాట. పిల్లకి సెలవులిచ్చినప్పటినుంచీ ఇంట్లో ఇదే ఊసు. గోడ మీద పార్కు బొమ్మ అంటించుకుని, దానికి గుడ్‌నైట్ చెప్పి పడుకుంటోంది.

నేను అత్తయ్యగారి పక్కన కూర్చున్నాను. "అసలు సంగతి చెప్పండి. ఎందుకు వద్దంటున్నారు?"

ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకున్నారు. "పొద్దున్నే పాడకపోతే నాకు తెల్లవారినట్టే ఉండదు. అక్కడ పాడితేనేమో పక్క గదివాళ్లు చెప్పు పుచ్చుకుని వస్తారు. నలుగురిలో మీకు తలవంపులు. ఎందుకొచ్చిన గొడవ?"

"అంతేనా! ఇంకేమీ లేదుగా?"

"ఇంకేముంటుంది?"

"అయితే అది గోడ సంగతి. గోడ సంగతి నాకొదిలేయండి," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో మా ఆవిడ ఇప్పటికీ చేతులు వెడల్పుగా చాచి చూపిస్తుంది.

నా మట్టుకు నేను మనసులోనే ప్రార్థన చేసుకుంటాను. పొద్దున కుళాయి తిప్పి మొహం కడుక్కునేటప్పుడు ఒకటి, పనిలో మొదటి మేకు కొట్టే ముందు ఒకటి. మనసులో అనుకున్నది వినే దేవుడికి అంత గట్టిగా ఎందుకు వినిపించాలి అన్న అనుమానం నాకు ముందునుంచీ ఉంది. ఆవిడని అడగలేదు. ఒకరి భక్తిని కొలవడానికి నా టేపు పనికిరాదు.

ఆదివారం నాడు నేను, మా ఆవిడ, లాయరమ్మ బస్సెక్కి రిసార్టుకి వెళ్లాం. ఫోటోలు చూసి గది తీసుకోవడం నా వల్ల కాదు. ఫోటోని వేలితో తడితే ఫోను గాజు చప్పుడే వస్తుంది.

గదులు చూపించే ఆయన నడుముకి తాళాల గుత్తి కట్టుకుని వచ్చాడు. మొహం నిండా నవ్వు.

"తక్కువ రేటులో ఫ్యామిలీ సూట్లు రెండు రకాలు సార్. ఏది తీసుకున్నా నలుగురికి సరిపోతుంది. పదండి, మీరే చూద్దురుగాని."

మొదటిది చూడగానే లాయరమ్మ కెవ్వుమని అరిచింది. గది మధ్యలో అడ్డంగా ఓ తడిక. ఇవతల పెద్ద మంచం. అవతల ఒకదాని మీద ఒకటిగా రెండు మంచాలు, వాటి చుట్టూ ఓడ ఆకారం. గుండ్రటి కిటికీలు, తాడు నిచ్చెన, పై మంచం మీద చెక్క చక్రం కూడా ఉంది. పిల్ల అప్పుడే చెప్పులు విడిచి, పైకెక్కి చక్రం తిప్పుతోంది.

నేను తడిక దగ్గరకి వెళ్లి తట్టాను. ఒట్టి ప్లైవుడ్. అది కూడా మనిషెత్తు దాటి కాస్త పైకి వెళ్లి ఆగిపోయింది. ఆ పైన పైకప్పు దాకా ఖాళీ. జరిపే తలుపు పూర్తిగా మూసినా చివర బెత్తెడు సందు.

"ఏవండీ, పైదాకా ఎందుకు కట్టలేదు?" అని అడిగాను.

"ఏసీ ఒకటే సార్. గాలి అటూ ఇటూ ఆడాలిగా."

"దీన్ని గోడ అనడానికి నాకు నోరు రావడం లేదు."

"మేము కూడా అనం సార్. ఓడ అంటాం," అన్నాడాయన. మా ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

"నాన్నా, నా వాదన విను," అంది పైనుంచి లాయరమ్మ. "ఒకటి, ఇది ఓడ. అంతే. ఇంక రెండోది అక్కర్లేదు."

"కేసు కొట్టేశాం. కిందికి దిగు."

రెండో రకం సూట్ వరండా మలుపులో ఉంది. అందులో ఓడా లేదు, చక్రమూ లేదు. ముందు ఒక గది, అందులో మంచంగా మారే సోఫా. లోపల ఇంకో గది. మధ్యలో అసలైన గోడ. తట్టాను. వేలికి నొప్పి పుట్టింది గాని గోడ పలకలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. తలుపు కూడా బరువైనది, అంచుల చుట్టూ రబ్బరు పట్టీ. ఎవరో పనితెలిసినవాడి చేయి పడిందక్కడ.

"లాయరమ్మా, లోపలికెళ్లి తలుపేసుకుని మీ స్కూల్ ప్రార్థన పాడు. గట్టిగా."

"ఓడ ఇవ్వనప్పుడు నేనెందుకు పాడాలి?"

"అమ్మమ్మ కోసం."

వెళ్లి తలుపేసుకుంది. నేను చెవి తలుపుకి ఆనించాను. ఏమీ లేదు. వరండాలోకి వెళ్లి బయట గోడకి ఆనించాను. అక్కడా ఏమీ లేదు. వరండాలో సామాను లాక్కుని వెళ్తున్న ఒకాయన ఆగి, నన్ను చూసి, తను కూడా గోడకి చెవి పెట్టి కాసేపు విన్నాడు.

"ఏం వినబడుతోందండీ?" అని అడిగాడు.

"ఏమీ వినబడటం లేదు!" అన్నాను సంబరంగా. ఆయన సామాను తీసుకుని తొందరగా వెళ్లిపోయాడు.

తలుపు తెరిచేసరికి పిల్ల మొహం ఎర్రబడి ఉంది. "రెండుసార్లు పాడా. రెండోసారి అరిచా కూడా."

"ఒక్క ముక్క వినబడలేదమ్మా!"

"సార్," అన్నాడు గదులు చూపించే ఆయన, "మీరు గది అద్దెకి తీసుకుంటారా, ఇంటికి తీసుకెళ్లిపోతారా?"

ఆ గదే మా పేరున ఉంచమని చెప్పి వచ్చాం. బస్సులో పిల్ల అలిగి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను మాత్రం సీట్లో రాజాలా కూర్చున్నాను.

ఇంటికి రాగానే చెప్పులు విప్పీవిప్పకుండానే అత్తయ్యగారికి ఫోన్లో ఫోటోలు చూపించాను. ఈ మంచం మీది, ఈ కిటికీ తూర్పువైపు, ఇదిగో తలుపు అని ఒక్కొక్కటీ విడమర్చి చెప్పాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుంటూ చూశారు.

"బాగుంది బాబూ. మరి మీరంతా ఎక్కడ?"

"ఈ గోడకి ఇవతల. మీరు తలుపేసుకుని ఎంత గట్టిగా పాడుకున్నా పక్కగదివాళ్లకే కాదు, మాక్కూడా వినబడదు. మీ గదిలో మీరు, మీ దేవుడు. మధ్యలో ఎవరూ రారు."

ఆవిడ ఫోను నా చేతిలో పెట్టేశారు. మొహంలో వెలుగు తగ్గింది. అది నాకు బాగా కనిపించింది.

"మంచి గదే. మీరు ముగ్గురూ వెళ్లి రండి," అని లేచి తన గదిలోకి వెళ్లిపోయారు.

మా ఆవిడ వెనకే వెళ్లింది. "ఇంకేం కావాలమ్మా నీకు? ఆయన గోడలకి చెవులు పెట్టి తిరిగొచ్చారు. జనం పిచ్చాడనుకున్నారు కూడా."

"నేనేమన్నానే? బాగుందన్నాగా."

"బాగుంటే రావేం?"

గోడ మీది పార్కు బొమ్మకి ఆ పూట ఎవరూ గుడ్‌నైట్ చెప్పలేదు.

తెల్లవారుతుండగా ఆవిడ పాట మొదలైంది. మామూలుగా ఆ పాట సగంలో ఉండగానే నాకు మెలకువ వస్తుంది. పాట అయ్యేసరికి లేచి కుళాయి తిప్పుతాను. మా ఆవిడ అప్పటికే వంటింట్లో ఉంటుంది. స్టవ్ లైటర్ టిక్కుమంటుంది. లాయరమ్మ లేవదు గాని నిద్రలోనే మడమలతో మంచాన్ని రెండుసార్లు తంతుంది. మా ఇంట్లో అలారం లేదు. ఎప్పుడూ అవసరపడలేదు.

ఆరోజు మెలకువ వచ్చినా నేను లేవలేదు. ఎక్కడ తప్పిపోయింది? గోడ గట్టిది, తలుపు మంచిది. మనిషి ఎందుకు వద్దంది? దుప్పటి కప్పుకుని పైకప్పు చూస్తూ అదే ఆలోచిస్తున్నాను. పాట అయిపోయింది. లైటర్ టిక్కుమంది. పక్క గదిలో పిల్ల మడమలు చప్పుడు చేశాయి. తర్వాత ఇల్లు నిశ్శబ్దమైంది.

అంతలో అత్తయ్యగారి గది తలుపు తెరుచుకుంది. అడుగులు. ఆవిడ అంత వేగంగా నడవగలరని నాకు తెలీదు. నా గుమ్మం దగ్గర ఆగారు.

"బాబూ?"

ఆ ఒక్క మాటలో గొంతు ఎలా ఉందంటే, నేను ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. "లేచానండీ. ఏమైంది?"

"ఏం లేదు. ఏం లేదు. కుళాయి చప్పుడు వినబడకపోతేనూ…" ఆవిడ తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డారు. నేను కుర్చీ జరిపాను. కూర్చున్నారు. మా ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే వచ్చి నిలబడింది.

అప్పుడు ఆవిడే చెప్పారు. "మీ మామగారు లేవగానే ఒకసారి దగ్గేవారు. దగ్గు కాదు, పాట అయిందా నేను లేచాను అని చెప్పడం. ఆయన పోయిన రోజు పాట అయింది, దగ్గు లేదు. అలిసి ఉన్నారేమో, ఇంకాసేపు పడుకోనీలే అనుకుని రెండో పాట ఎత్తుకున్నాను." ఆవిడ చీర చెంగు వేలికి చుట్టారు. "ఆ రెండో పాట పాడకుండా ఉండాల్సింది బాబూ."

మా ఆవిడకి కూడా ఆ సంగతి తెలీదని తన మొహం చూస్తే అర్థమైంది.

"అప్పటినుంచీ ఒక్కటే పాట. అది అవగానే వింటాను. లైటరు మా అమ్మాయి. మంచం చప్పుడు పిల్ల. కుళాయి మీరు. ముగ్గురూ పలికాక లేచి కాఫీకి వస్తాను. అందరూ నన్ను మహా భక్తురాలనుకుంటారు. దేవుడికి పాడుతున్నానో, మీకు కాపలా కాస్తున్నానో నాకే తెలీదు."

దేవుడికి అంత గట్టిగా ఎందుకని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. ఆ పాటకి దేవుడు కాక వేరే వినేవాళ్లూ ఉన్నారని, అందులో ఒకడిని నేనేనని నాకు తట్టనే లేదు. రోజూ పొద్దున్నే ఒకరు నా కుళాయి చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారు. నేనేమో ఆవిడకి చప్పుడు చొరబడని గది ఎంచి, దాన్ని పొగుడుతూ ఫోటోలు చూపించాను.

"మరి పక్క గదివాళ్లన్నారు?" అన్నాను.

"ఏదో ఒకటి చెప్పాలిగా. ఉన్నది చెబితే మీరంతా నా కోసం చప్పుడు చేస్తారు. అది నాకక్కర్లేదు. మీ మానాన మీరు చేసే చప్పుడు కావాలి."

అప్పుడు లాయరమ్మ కళ్లు నులుముకుంటూ వచ్చింది. "నా మడమల సంగతి అమ్మమ్మకి తెలుసని నాకు తెలుసు. అది నా హాజరు."

"తెలిస్తే చెప్పవేం?" అన్నాను.

"అడిగావా?"

ఆ లాయరు మీద గెలవడం నా వల్ల కాదు. ఫోను తీసి రిసార్టుకి చేశాను. గదులు చూపించే ఆయనే ఎత్తాడు.

"గోడకి చెవి పెట్టిన సారా? చెప్పండి సార్."

"గది మార్చాలండీ. ఓడ గది కావాలి."

"అదేంటి సార్? ఆ గోడ మీకు నచ్చలేదుగా?"

"గోడ ఇప్పటికీ నచ్చలేదు. గది నచ్చింది."

"ఓడలు వరుసగా ఉన్నాయి సార్. ఎక్కడిది ఇమ్మంటారు?"

"అన్నిటికంటే చివరిది. దాని పక్కన ఏముంది?"

"తువ్వాళ్లు, దుప్పట్లు పెట్టే గది. అందులో ఎవరూ బస చేయరు."

"అదే ఇప్పించండి," అన్నాను. వెనక లాయరమ్మ గెంతులు మొదలుపెట్టింది. ఏ వాదనతో గెలిచిందో ఎవరూ చెప్పలేదు, పిల్ల కూడా అడగలేదు.

ఫోను పెట్టేసి అత్తయ్యగారి వైపు తిరిగాను. "తడిక ఒట్టి ప్లైవుడ్. పైకప్పుని తాకదు. తలుపు సరిగ్గా పడదు. అటు ఆవలిస్తే ఇటు వినబడుతుంది. ఇలాంటి పని నేను చేస్తే నా చేతులు నేనే నరుక్కుంటాను. వస్తారా?"

ఆవిడ నన్ను కాసేపు చూశారు. మొదటి అలవాటు, రెండో అలవాటు, రెండూ ఆవిడ మొహంలో కుస్తీ పట్టడం కనిపించింది.

"ఓడలో నాకు కళ్లు తిరిగితే?"

"ఇంట్లోనూ తిరుగుతున్నాయన్నారుగా," అంది మా ఆవిడ.

"అయితే సరే," అన్నారావిడ.

అలా బయలుదేరాం. పార్కులో మొదటి రోజు ఏమేం చేశామో లాయరమ్మని అడగండి, అన్నం వేళ దాటిపోయేదాకా చెబుతుంది. అత్తయ్యగారు పెద్ద చక్రం ఎక్కారు. పైకి వెళ్లినంతసేపూ కళ్లు మూసుకున్నారు. కిందికి దిగాక మాత్రం, పైనుంచి అంతా చూశానని అందరికీ చెప్పుకున్నారు. ఎవరం కాదనలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా నాకు కొత్త చోట మెలకువ వచ్చింది. తడికకి అవతల కింది మంచం కిర్రుమంది. ఆవిడ లేచి కూర్చున్నారు. గొంతు సవరించుకున్న చప్పుడు నా చెవి పక్కనే అన్నంత దగ్గరగా వినిపించింది. పాట మొదలైంది. ఇంట్లో రోజూ వింటున్నానని అనుకునేవాడిని గాని, పాటలో మాటలేమిటో అప్పుడే తెలిశాయి. ఇంటినీ వాకిలినీ చల్లగా చూడమని కాదు. ఈ పూట లేచినవాళ్లందరినీ లెక్కలో ఉంచుకో తండ్రీ అని ఉంది అందులో.

పాట అయింది.

మా ఆవిడ కెటిల్ మీట నొక్కింది. టక్కుమంది. పై మంచం మీద మడమలు ఓడని రెండుసార్లు తన్నాయి. ఇక నా వంతు. కుళాయి బాత్రూంలో, గదికి ఆ చివర ఉంది. అంతదూరం నడిచేలోగా ఆవిడ ఎన్ని అనుకుంటారో అనిపించింది. చేయి చాచి, వేలి కణుపుతో ప్లైవుడ్‌ని తట్టాను, రోజూ పనిలో తట్టినట్టే. దాని చప్పుడు గదంతా పలికింది. నాసిరకం చెక్క అంత కమ్మగా పలుకుతుందని నాకు ఇన్నేళ్లలో తెలీదు.

"లేచారూ?" అన్నారు అవతలనుంచి. ఆ గొంతులో నవ్వుంది.

"లేచానండీ."

సరిగ్గా అప్పుడే, ఆవిడ తలవైపు గోడకి ఆవలనుంచి, తువ్వాళ్ల గదిలోంచి, ఎవరో దగ్గారు.

నలుగురం కదలకుండా ఉండిపోయాం. అక్కడ ఎవరూ బస చేయరని గదులు చూపించే ఆయన అన్నాడు గాని, పొద్దున్నే దుప్పట్లు మడతపెట్టడానికి మనిషి వస్తుందని ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు తలుపు కొడతారు, ఎవరండీ పాడేది అంటారు అనుకున్నాను. ఆ దగ్గు విని అత్తయ్యగారికి ఏం గుర్తొస్తుందో అన్న భయం కూడా పట్టుకుంది. తలుపు ఎవరూ కొట్టలేదు. అవతల తువ్వాలు దులిపిన చప్పుడొకటి వినిపించి, ఆగింది.

"ఒకళ్లు ఎక్కువొచ్చారే," అన్నారు అత్తయ్యగారు నెమ్మదిగా.

"తువ్వాళ్లావిడ ఆలస్యంగా వచ్చుంటుంది అమ్మమ్మా," అంది లాయరమ్మ పైనుంచి. "చివరి ముక్కే విని ఉంటుంది. పాపం, తనకి మొదట్నుంచి వినబడలేదుగా."

"అయితే?"

"అయితే ఇంకొకటి పాడాలి. అది న్యాయం."

మా ఆవిడ నా వైపు చూసింది. కెటిల్‌లో నీళ్లు మరగడం మొదలుపెట్టాయి. పిల్లని మందలిద్దామని నోరు తెరిచాను. తడిక మీదుగా, పైకప్పుకీ ప్లైవుడ్‌కీ మధ్య ఉన్న ఖాళీలోంచి అత్తయ్యగారు ఊపిరి తీసుకోవడం వినిపించింది. వదలడం వినిపించింది. మళ్లీ తీసుకున్నారు.

రెండో పాట ఎత్తుకున్నారు.